మూడు ఏడుల మహామంత్రం

అయితే లైనక్స్‌లో పర్మిషన్ల బెడద ఇక తీరిపోయిందన్నమాట. ఫైలు తెరుచుకోకపోతే సుడో, సీహెచ్‌మాడ్, 777. అర నిమిషం రీలులో అంతా తేలిపోయింది. మాన్యువళ్ళు రాసినవాళ్ళు ఇన్నేళ్ళూ పనిలేక రాశారు పాపం.

ఇప్పుడు ఈ మంత్రం ఐఎస్‌ఓ డిస్క్ ఇమేజిల మీద పడింది. మౌంట్ చేసిన ఇమేజిలో ఫోల్డరు తెరుచుకోవడం లేదా? 777 కొట్టండి. కొట్టారు. ‘రీడ్ ఓన్లీ ఫైల్ సిస్టమ్’ అని జవాబొచ్చింది. రీలు చేసిన మహానుభావుడు తొణకలేదు, సుడో పెట్టి మళ్ళీ కొట్టమన్నాడు. అదే జవాబు. పోనీ రాసే వీలుండేలా రీమౌంట్ చేయమన్నాడు. కెర్నల్ ససేమిరా అంది. శిలాశాసనాన్ని రబ్బరుతో చెరపబోయి, చెరగకపోతే ఇంకా పెద్ద రబ్బరు కొనుక్కొచ్చే తెలివి ఇది.

నాయనా, ఐఎస్‌ఓ 9660 అన్నది 1988 నాటి ప్రమాణం. ఒకసారి రాసేసి, ఆపైన చదువుకోవడానికే పుట్టింది. మామూలు ఐఎస్‌ఓలో యూనిక్స్ ఓనరూ మోడూ అసలుండవు. అవి కావాలంటే రాక్ రిడ్జ్ అనే చేర్పు ఉండాలి. (1974లో మెల్ బ్రూక్స్ తీసిన హాస్యచిత్రంలో ఊరి పేరది. మీ రీళ్ళ ముందు ఆ సినిమా విషాదాంతమే.) రాక్ రిడ్జ్ లేకపోతే లైనక్స్ తనే ఏదో ఊహించుకుని, ఉత్త టెక్స్ట్ ఫైలుకు కూడా ప్రోగ్రాంలా నడిచే హక్కు ఇచ్చేస్తుంది. ఉంటే, ఇమేజి చేసినవాడి యూజర్ నంబరు యథాతథంగా దిగుతుంది. వాడు 1001, నువ్వు 1000. వాడు తన ఫోల్డరుకు 700 పెట్టుకున్నాడు, నీకు తెరుచుకోదు. అంతే సంగతి! మౌంట్ చేసేటప్పుడే యూఐడీ, మోడ్, డీమోడ్ చెప్పాలి. రాక్ రిడ్జ్ అడ్డొస్తే ఓవర్‌రైడ్‌రాక్‌పెర్మ్ కలపాలి. ఇదంతా కెర్నల్ డాక్యుమెంట్లలోనే ఉంది, కానీ వాటిని చదవాలంటే అర నిమిషం చాలదు కదా.

ఇమేజిలో ఫైళ్ళ టైము తప్పుకు అదే మహానుభావుడి మరో చిట్కా: రాత్రి 8కి చేసిన ఫైలు మర్నాడు 1:30 అని కనిపిస్తే కంప్యూటర్ గడియారాన్ని యూటీసీకి తిప్పేయాలట! ఐఎస్‌ఓలో తేదీ వెంటే ఒక బైటు ఉంటుంది, గ్రీన్‌విచ్‌తో తేడాను అందులో పావుగంటల లెక్కన రాయాలి. మనకది 22. ఇమేజి చేసిన టూలు సున్నా రాస్తే నా గడియారం ఏం పాపం చేసింది?

ఇక్కడితో ఆగితే నవ్వి ఊరుకునేవాణ్ణి. ఇమేజి మీద మంత్రం పారలేదని, చివరికి పెద్ద ఆర్ తగిలించి సిస్టమ్ రూట్ మీదే 777 కొట్టమన్నాడు. తెలియక చెప్పినా ఇది క్షమించరాని పని. నిన్నగాక మొన్న లైనక్స్ ఎక్కించుకున్న పిల్లలు నమ్మి కొడతారు. కొట్టాక ఎస్‌ఎస్‌హెచ్, ప్రైవేట్ కీ అందరికీ కనిపిస్తోందంటూ దాన్ని ముట్టుకోదు. సుడోయర్స్ ఫైల్లో ఎవరైనా రాయొచ్చని తెలియగానే సుడో మొరాయిస్తుంది. పైగా ఆ మూడు ఏడులు సుడో ప్రోగ్రాంకున్న సెట్‌యూఐడీ బిట్‌నే తుడిచేస్తాయి. సుడో చేత సుడోనే చంపించాడు! బాగుచేద్దామంటే మళ్ళీ సుడోయే కావాలి.

దానికీ రీలుందిలెండి. డిస్కంతా ఫార్మాట్ కొట్టి ఉబుంటు మళ్ళీ ఎక్కించడం ఎలాగో, అదే మహానుభావుడు, అదే అర నిమిషంలో చెప్తాడు.