ఫోల్డర్ తెరిచిందెవరు?

చిన్నకోడూరులో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన సారు ఒకాయన, దసరా దగ్గరపడుతుండగా కంప్యూటర్లు బాగుచేసే కుర్రాణ్ని ఇంటికి పిలిపించాడు. కుర్రాడు ఆయన దగ్గర చదువుకున్నవాడే. ఒకప్పుడు ఆఖరి బెంచీ దాకా ఖంగుమన్న సారు గొంతు బొంగురుపోయి, దగ్గరగా కూర్చుంటే తప్ప వినపడటం లేదు.

"ఇంట్ల ఉన్నది ఒక్కటే కంప్యూటరు బిడ్డా. పండుగకు ఇద్దరు కొడుకులు, కోడండ్లు, పిల్లలు వస్తరు. అందరూ దీన్నే వాడుతరు. ఇండ్ల నా ఫోల్డర్ ఒకటున్నది. దాన్ని ఎవరన్న తెరిసిన్రా, తెరిస్తే ఎవరు తెరిసిన్రు, నాకు తెల్వాలె."

కుర్రాడు ఫోల్డర్ తెరిచాడు. లోపల రెండే ఫైళ్లు. ఒకదాని పేరు 'భూమి'. ఇంకోదాని పేరు 'దవఖాన'.

అతనికి సంగతి అర్థమైనట్టే అనిపించింది. సారుకున్న చెలక చంద్లాపూర్ వైపు. 2016 అక్టోబరులో ఈ ఊళ్లున్న సిద్దిపేట జిల్లా అయింది. 2020 ఏప్రిల్‌లో చంద్లాపూర్ దగ్గరి రంగనాయకసాగర్‌లోకి గోదావరి నీళ్లు దూకాయి. మూడు టీఎంసీల నీళ్లు పట్టే చెరువు పక్కనుంటే వానకోసం మొగులు చూసిన చెలక కూడా బంగారమే. ఆ తర్వాత ఎకరం ధర అడగని చుట్టం లేడు.

"పాస్‌వర్డ్ పెడత సార్. ఎవ్వరూ తెరువలేరు."

"వద్దు. తాళమేస్తే తెరిచేదెవరో ఎట్ల తెలుస్తది?"

కొడుకుల మనసు తూచి చూద్దామనుకుంటున్నాడు కాబోలు అనుకున్నాడు కుర్రాడు.

సారు అప్పటికే తనకు తోచిన దారిలో వెతికాడు. ఫైలు మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లో 'యాక్సెస్డ్' అనే తేదీ చూశాడు. చాలామంది అదే చూసి ఇంట్లోవాళ్లను నిలదీస్తారు. ఆ తేదీని నమ్మి మనిషిని అనుమానించడం అన్యాయం. కంప్యూటర్ వేగం తగ్గకూడదని విస్టా వచ్చిన కాలం నుంచే విండోస్ ఆ తేదీని ప్రతిసారీ రాయడం మానుకుంది. ఒక్కోసారి మనిషి చెయ్యి పడకపోయినా, బ్యాకప్పో యాంటీవైరస్సో తడిమినా అది మారుతుంది. కుర్రాడు అదంతా చెప్పి, విండోస్ మీటతో పాటు 'ఆర్' నొక్కి, 'రీసెంట్' అని కొట్టాడు. ఈ మధ్య తెరిచిన ఫైళ్ల షార్ట్‌కట్లు వరసగా వచ్చాయి.

"గిది పనికొస్తది గదా?"

"వస్తది గానీ సార్, ఇండ్ల ఏం తెరిసిన్రో ఉంటది, ఎవరు తెరిసిన్రో ఉండదు. మీ ఇంట్ల అందరూ ఒక్క లాగినే వాడుతున్నరు. పైగా దీన్ని ఎవరైనా తుడిచెయ్యొచ్చు."

అందుకే మొదట పెద్ద కొడుక్కి ఒకటి, చిన్న కొడుక్కి ఒకటి, పిల్లలకు ఒకటి, సారుకు ఒకటి లాగిన్లు వేరు చేశాడు. అదృష్టవశాత్తు అందులో ఉన్నది విండోస్ ప్రొఫెషనల్. లోకల్ సెక్యూరిటీ పాలసీలోకి వెళ్లి, ఫైళ్లను ఎవరు ముట్టుకున్నారో రాసిపెట్టే ఆడిటింగ్‌ను ఆన్ చేశాడు. అది ఒక్కటే చాలదు; ఏ ఫోల్డర్‌ను కనిపెట్టాలో కూడా చెప్పాలి. సారు ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ, అందులో అడ్వాన్స్‌డ్, అందులో ఆడిటింగ్. అక్కడ 'ఎవ్రీవన్' అని చేర్చాడు. ఆ రికార్డు మామూలుగా 20 ఎంబీ నిండగానే పాతవాటి మీదే కొత్తవి రాసుకుంటూ పోతుంది కాబట్టి, దాని సైజు కూడా పెంచాడు.

"ఈ ఒక్క ఫోల్డర్‌కే పెడుతున్న సార్. వాళ్లు ఇంకేం చూసుకున్నరు, ఎవరితోని మాట్లాడిన్రు, అది మనకు వద్దు."

ఆ మాట అన్నందుకు కుర్రాడి మీద గౌరవం కలుగుతుంది. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒక్క గొంతుతో చెప్పారు. ఆ హక్కు ఇంటి గడప దాటి లోపలికి కూడా రావాలి.

"నాకు ఇది సాలు బిడ్డా" అన్నాడు సారు.

పండుగ బాగా జరిగింది. సద్దుల బతుకమ్మకు ఇల్లంతా తంగేడు, గునుగు. దసరా నాడు జమ్మి చేతిలో పెట్టి కొడుకులిద్దరూ తండ్రి కాళ్లకు మొక్కారు. సెలవులు అయిపోగానే ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. వాళ్ల కార్లు మలుపు తిరిగాయో లేదో సారు ఫోన్ చేశాడు.

కుర్రాడు వచ్చి ఈవెంట్ వ్యూయర్ తెరిచాడు. సెక్యూరిటీ రికార్డులో 4663 నంబరున్న ఎంట్రీలను మాత్రమే ఏరాడు. ఒక్కో ఎంట్రీలో ఏ లాగినో, ఏ ఫైలో, ఏ ప్రోగ్రాముతో తెరిచారో, ఎన్ని గంటలకో ఉంటుంది. చూస్తూ చూస్తూ అతని మొహం మాడిపోయింది.

"ఏంది, చెప్పు."

"భూమి ఫైలు తెరిసిన్రు సార్. వచ్చిన రాత్రే పెద్దన్న లాగిన్ల నుంచి. తెల్లారి చిన్నన్న లాగిన్ల నుంచి. మళ్ల బతుకమ్మ నాడు ఇద్దరూ, అందరూ ఆటకాడ ఉన్నప్పుడు."

సారు కోపగించుకుంటాడనీ, కన్నీళ్లు పెట్టుకుంటాడనీ కుర్రాడు భయపడ్డాడు. ఆయన తేలిగ్గా చెయ్యి ఊపాడు.

"చూడనీయ్. భూమి వాళ్లది గాక ఎవరిది? ఇద్దరికీ సగం సగం రాసే పెట్టిన. అందుకే తాళం వద్దన్న."

"మరి ఇదంతా ఎందుకు పెట్టించిన్రు సార్?"

సారు మాట కూడదీసుకున్నాడు.

"గొంతుల గడ్డ ఉన్నదన్నరు. ముక్క తీసి పరీక్ష చేసిన్రు. ఆ రిపోర్టే దవఖాన ఫైలు. పండుగ పూట నా నోటితోని చెప్పి వాళ్ల సంబురం చెడగొట్టబుద్ధి కాలె. చెప్తామన్నా గొంతు పెగుల్తలేదు. నాయినకు గొంతెందుకు పోయిందని ఎవడన్న ఒక్కడు అనుకుంటడు, దాన్ని తెరుస్తడు అనుకున్న. రెండు ఫైళ్లు పక్కపక్కనే పెట్టిన గదా, దీన్ని చూడకుంట దాన్ని తెరువలేరు. చూడు బిడ్డా, దవఖాన ఫైలు తెరిసిన్రా?"

కుర్రాడి వేలు మౌస్ మీద వణికింది. ఆ పేరు కొట్టి వెతికాడు.

"ఒక్కసారి తెరిచినట్టున్నది సార్."

సారు కళ్లు మెరిశాయి. కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"ఎవడు? చిన్నోడే అయివుంటడు. చిన్నప్పటి నుంచి వానికి నా మీద పాణం. వాడేనా?"

కుర్రాడు లాగిన్ పేరు చదివాడు. 'సిస్టమ్' అని ఉంది. ప్రోగ్రాము పేరు చదివాడు. మళ్లీ చదివాడు. అబద్ధం చెబుదామనుకున్నాడు గానీ, పాఠం నేర్పిన మనిషి ముందు నోరు రాలేదు.

"చిన్నన్న కాదు సార్. పెద్దన్న కూడ కాదు. తెరిచింది యాంటీవైరస్. ప్రతి ఫైలుకూ లోపల ఏమన్న రోగం ఉన్నదా అని చూసిపోతది."