పన్నుకు దొరికి ఓటుకు దొరకని పౌరుడు
(నగరపాలక ప్రకటనాధికారికి బహిరంగ లేఖ)

మహారాజరాజశ్రీ నగరపాలక సంస్థ ప్రకటనాధికారి మహాశయుల సముఖమునకు,

హైదరాబాదునందలి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ మున్నగు చోట్ల ముప్పదేసి అంతస్తుల సౌధములలో కొందరును, ఆ సౌధముల వెనుక సందులలోని పీజీ హాస్టళ్లలో పెక్కండ్రును కాపురముండు యావన్మంది ప్రజల పక్షమున, ఒక సామాన్య పౌరుడు బహిరంగముగా చేసికొను విన్నపమేమనగా:

తామెవరో మేమెరుగము. ప్రకటన క్రింద తమ పేరుండదు, హోదా ఒక్కటే యుండును. ఐనను తమ రచనలతో మాకు చిరకాల పరిచయము కలదు. లిఫ్టు ప్రక్కన అంటించిన కాగితములయందును, మెట్రో స్తంభములపై వ్రేలాడు ఫ్లెక్సీలయందును, వేళకాని వేళ సెల్‌ఫోనులో మ్రోగు సందేశములయందును తమ గద్యమును మేము చదువుచునే యున్నాము. ఒకే రచయితను ఏండ్ల తరబడి చదివిన పాఠకునకు అతని బలాబలములు తెలియకపోవు గనుక, సాహిత్య విమర్శకుని చనువుతో నేడు నాలుగు మాటలు మనవి చేయ సాహసించుచున్నాను.

తమ కృతులన్నిటిలో అగ్రస్థానము ఆస్తిపన్ను ప్రకటనకే చెల్లవలెను. అందు సందిగ్ధత అణుమాత్రమును లేదు. ఏప్రిల్ 30వ తేదీలోపల ఆ సంవత్సరపు పన్ను మొత్తమును చెల్లించినవారికి 5 శాతము రాయితీ; గడువు మీరినచో బకాయిపై నెలకు 2 శాతము వడ్డీ; చెల్లించు చోటిది, చెల్లించు విధమిది. ప్రతి ఆస్తికిని పది అంకెల గుర్తింపు సంఖ్య యొకటి కలదు. యజమాని అమెరికాలో నున్నను, అద్దెకున్నవాడు ఖాళీ చేసిపోయినను, పదునాలుగవ అంతస్తులో తూర్పు వాకిలి గల ఫ్లాటును ఆ సంఖ్య గురితప్పక కనుగొనును. భయమును, ఆశను చెరిసగముగా కలిపి పాఠకుని కార్యోన్ముఖుని చేయుటలో ఈ రచనకు సాటి లేదు. ఇది స్తోత్రము కాదు, యథార్థము.

అదే కలము ఓటును గూర్చి వ్రాయవలసి వచ్చినప్పుడు ఏల ఇట్లు నీరుగారిపోవునో మాకు బోధపడకున్నది. ఓటు మీ హక్కు, ఓటు మీ బాధ్యత, తప్పక వినియోగించుకొనుడు అను హితోపదేశము పైన. సిరాచుక్క పెట్టిన చూపుడువ్రేలు నడుమ. ఒక సినీతార మందహాసము క్రింద. ఇంతటితో రచన సమాప్తము. ఎక్కడికి పోవలెను, ఏ కాగితము చేతబట్టుకొనవలెను, జాబితాలో పేరు లేనిచో ఎవరి నడుగవలెను అను ప్రశ్నలు చదువరికే విడువబడినవి. పన్ను వేళ మా గడపవరకు తెలిసిన తమకు, ఓటు వేళ మా పేటయైనను జ్ఞప్తికి రాకపోవుట చిత్రము గదా!

ఫలితము లోకవిదితమే. 2020 డిసెంబరు 1న గ్రేటర్ హైదరాబాదు మహానగర పాలక సంస్థకు ఎన్నికలు జరిగినప్పుడు పోలైనవి సుమారు 46 శాతము ఓట్లు. అంతకు ముందు 2016లోను సుమారు 45 శాతమే. 2023 నవంబరు 30న శాసనసభ ఎన్నికలలో రాష్ట్రమంతటను 71 శాతము పోలింగు జరుగగా, 7 లక్షలకు పైబడిన ఓటర్లతో రాష్ట్రమునందే అతిపెద్ద నియోజకవర్గమైన మా శేరిలింగంపల్లి సగము మార్కును కూడ అందుకొనలేదు. ఈ అంకెలు వెలువడినప్పుడెల్ల పత్రికలయందును, టీవీ చర్చలయందును ఒకే తీర్పు వినవచ్చును: ఐటీ ఉద్యోగులు సోమరులు, సెలవిచ్చినచో నిద్రపోవుదురు, లేనిచో విహారయాత్రకు పోవుదురు. 2020లో పోలింగు మంగళవారమునకు ముందు శనివారము, ఆదివారము, కార్తీక పూర్ణిమ సోమవారము వరుసగా వచ్చిన మాట నిజమే. కరోనా కాలమగుటచే అనేకులు ఇంటినుండి పని చేయుచు స్వగ్రామములలో చిక్కుకొనిన మాటయు నిజమే. ఐనను సోమరితనమను నిందను నేనంగీకరింపజాలను. అందులకు సాక్ష్యము కలదు.

2024 మే 13, సోమవారము. ఇచ్చట లోక్‌సభకును, పొరుగున ఆంధ్రప్రదేశమున లోక్‌సభతోబాటు శాసనసభకును ఒకేనాడు పోలింగు. అంతకు ముందు రెండు మూడు దినములు విజయవాడ రహదారిపై పంతంగి టోల్‌గేటు వద్ద కార్లు బారులు తీరినవి. బస్సులు, రైళ్లు క్రిక్కిరిసినవి. మే మాసపు ఎండలో, సొంత ఖర్చుతో, వందల కిలోమీటర్లు పోయి తమ గ్రామపు పాఠశాల ముందు వరుసలో నిలిచినవారిలో మా మాదాపూర్, కొండాపూర్ వాసులెందరో కలరు. ఆ రాష్ట్రమున ఆనాటి పోలింగు 81.86 శాతము. భీమవరమునకో, నరసరావుపేటకో రాత్రంతయు ప్రయాణము చేసి ఓటు వేసి వచ్చినవాడు, తన ఇంటి ప్రక్క వీథిలోని బడికి నడువలేని సోమరి యనుట తర్కమునకు నిలుచునా? అచ్చట అతని పేరు జాబితాలో నున్నదని చెప్పినవారు కలరు, బూతు చూపినవారు కలరు, రాకపోయినచో ఫోను చేసి చీవాట్లు పెట్టు పెదనాన్న కలడు. ఇచ్చట అతనికి దక్కినది సినీతార మందహాసము.

మరి అతడు ఇచ్చటికి ఓటు మార్చుకొనరాదా యని తాము ప్రశ్నింపవచ్చును. మార్చుకొనవలసినదే. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము ప్రకారము ఒక వ్యక్తి ఒక్క నియోజకవర్గముననే, సాధారణముగా నివసించుచోటనే, ఓటరుగా నుండవలెను. 2022 ఆగస్టు నుండి నివాసము మారినవారందరికిని 8వ నంబరు ఫారము ఒక్కటే సరిపోవుచున్నది. అయితే ఈ ఐటీ కారిడారులో నివాస ధ్రువీకరణమనునది ఎంత చిక్కుముడియో తమ ప్రకటనలలో ఎన్నడును కానరాదు. కరెంటు బిల్లు యజమాని పేర నుండును. నీటి బిల్లు అపార్టుమెంటు సంఘము పేర నుండును. గ్యాసు కనెక్షను హాస్టలు నడుపువాని పేర నుండును. అద్దె ఒడంబడిక చూపుదమన్నచో అది రిజిస్టరైనది కావలెను. రిజిస్ట్రేషను చట్టపు బాధను తప్పించుకొనుటకే ఇచ్చటి ఒడంబడికలు చాలవరకు పదకొండు నెలలకు వ్రాయబడుచున్నవి! ఇట్లు ఒక చట్టమునుండి తప్పించుకొన్న కాగితము మరియొక చట్టము ముందు చెల్లకపోవుటయు, నడుమ అద్దెకున్నవాడు నలిగిపోవుటయు ప్రతి వీథిలోను జరుగుచున్న కథయే. ఆధార్‌లోనో, బ్యాంకు పాసుపుస్తకములోనో ఈ ఊరి చిరునామా వ్రాయించుకొన్నను సరిపోవునను ఒక్క వాక్యము తమ ఫ్లెక్సీలపై నుండినచో ఎందరికి మేలు కలిగెడిదో ఆలోచింపుడు.

ఎల్లల సంగతి వేరొక పురాణము. 1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించునాటికి ఈ తావులు నగరపాలక సంస్థ పరిధిలోనివి కావు. 2007 ఏప్రిల్ 16న పాత నగరపాలక సంస్థతో 12 పురపాలక సంఘములను, 8 గ్రామపంచాయతీలను కలిపి గ్రేటర్ సంస్థను ఏర్పరచినప్పుడు శేరిలింగంపల్లి అందు విలీనమైనది. తరువాత కొండాపూర్, గచ్చిబౌలి, శేరిలింగంపల్లి, మాదాపూర్, మియాపూర్, హఫీజ్‌పేట, చందానగర్ అను పేర్లతో డివిజన్లు, అనగా వార్డులు, వెలసినవి. ఈ పేర్లలో రాయదుర్గముగాని, నానక్‌రామ్‌గూడగాని, ఖాజాగూడగాని కానరాలేదు. ఆయా చోట్ల నివసించువాడు తాను ఏ డివిజనువాడో ఊహించుకొనవలసి వచ్చెను. ఖాజాగూడ దాటి మణికొండ చేరినచో ఆనాడు అది వేరొక మునిసిపాలిటీ; అచ్చటి ఎన్నిక 2020 జనవరి 22న, ఇచ్చటిది అదే యేటి డిసెంబరులో. పైగా శాసనసభ, లోక్‌సభ ఎన్నికలు కేంద్ర ఎన్నికల సంఘమువి. పట్టణ స్థానిక సంస్థలవి, 74వ రాజ్యాంగ సవరణ ఏర్పరచిన వ్యవస్థ ననుసరించి, రాష్ట్ర ఎన్నికల సంఘమువి. మా వారికి తమ టవరు, బ్లాకు, ఫ్లాటు సంఖ్యలు కంఠస్థములు. డివిజను పేరడిగినచో తెల్లమొగము వేయుదురు. హద్దులు మారుటలో ఆశ్చర్యము లేదు, నగరము పెరుగుచున్నది. మారిన హద్దును ఇంటింటికి తెలుపకుండుటయే వింత.

తమ సోదర సంస్థయైన జలమండలివారి నీటి సరఫరా నిలుపుదల ప్రకటనలది మరియొక శైలి. పైపులైను వ్యాసము ఇన్ని మిల్లీమీటర్లు, లీకేజీ ఫలానా జంక్షను వద్ద, వాల్వు మార్పిడి ఇట్టిది అని శాస్త్రగ్రంథమువలె వర్ణించి, తుదకు నలువది పేటల పేర్లు పేర్చి, నీరు మరల మా సంపులోనికి ఎప్పుడు చేరునో మాత్రము చెప్పక విడుచుట, పురోహితుని గోత్రప్రవరలు సాంతముగా ముద్రించి ముహూర్తము మరచిన శుభలేఖను తలపించును. 2021 జనవరి 12న ఇంటికి నెలకు 20,000 లీటర్ల ఉచిత నీటి పథకము ప్రారంభమైనప్పుడు ఆ శుభవార్త ఊరంతయు మారుమ్రోగెను. మీటరు తప్పనిసరియనియు, ఆధార్ అనుసంధానము కావలెననియు, అపార్టుమెంట్లలో ఫ్లాటు ఫ్లాటునకు ఆ పని జరుగవలెననియు తెలుపు షరతులు మాత్రము అంతటి గొంతుతో వినిపింపలేదు. వరము పెద్ద అక్షరములలోను, షరతు చిన్న అక్షరములలోను ముద్రించుట పన్ను ప్రకటనలలో ఎన్నడును కనబడదు.

ఇంతవరకు తమను ఆడిపోసికొంటిని. ఇక మావారి సంగతియు చెప్పవలెను గదా. ఓటరు జాబితా సవరణకై వచ్చు బూతుస్థాయి అధికారిణి, తరచు ఒక అంగన్‌వాడీ కార్యకర్త, మా గేటెడ్ కమ్యూనిటీ ద్వారమున గంటసేపు నిలువవలసి వచ్చును. పిజ్జా తెచ్చిన కుర్రవాడు మాత్రము కోడ్ చెప్పి నిమిషములో లోనికి పోవును. అపార్టుమెంటు సంఘపు కోశాధికారి పదవికి జరుగు ఎన్నికలో శాసనసభను మించిన వాగ్యుద్ధములు జరుగును. ఆ యుద్ధవీరులలో అనేకులకు తమ కార్పొరేటరు పేరు తెలియదు. తడిచెత్త ఆకుపచ్చ బుట్టలో, పొడిచెత్త నీలి బుట్టలో వేయవలెనను పాఠమును బిడ్డలు బడిలో నేర్చి వచ్చినను, పెద్దలు రెంటిని ఒకే నల్ల సంచిలో మూటగట్టి తలుపు బయట పెట్టుదురు. ఇందు తమ తప్పేమియు లేదు. ఐనను పౌరుడు బద్ధకించుట అధికారికి విరామ హేతువు కారాదు; పన్ను విషయమున మా బద్ధకము తమ నెన్నడును ఆపలేదు గదా!

కావున మా విన్నపములివి. మొదటిది: ఆస్తిపన్ను నోటీసు వెనుక ప్రక్క ఖాళీగా నుంచక, ఆ ఇల్లు ఏ డివిజనులోనిది, పోలింగు కేంద్రమెచ్చట, వార్డు కార్యాలయమెచ్చట అను మూడు సంగతులు ముద్రింపుడు. 2023 జూన్ 16న డివిజను డివిజనుకు వార్డు కార్యాలయములు ప్రారంభించినది పౌరుని సమీపించుటకే గదా. దాని చిరునామా పౌరునకు తెలియవలదా? రెండవది: అద్దె యిండ్లవారికి, హాస్టళ్లవారికి 8వ ఫారమును, దానికి చెల్లు కాగితముల పట్టికను ప్రత్యేకముగా ప్రకటింపుడు, జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు 1వ తేదీలు నాలుగును అర్హతా తేదీలేయని, అప్పటికి 18 ఏండ్లు నిండినవారు కొత్తగా చేరవచ్చునని తెలుపుడు, 1950 నంబరునకు ఫోను చేసినచో ఓటరు సందేహములు తీరునని చెప్పుడు. మూడవది: ప్రకటన తెలుగు, ఉర్దూ, హిందీ, ఆంగ్లములలో నుండవలెను, ఏలయన ఒడిశా నుండి వచ్చి భవనములు కట్టువాడును, పూనే నుండి వచ్చి వానిలో కోడ్ వ్రాయువాడును ఇచ్చటివారే. నాల్గవది: చివరి తేదీ మొదటి పంక్తిలో నుండవలెను, జలమండలివారికిని చెప్పి నీరు వచ్చు వేళను రెండవ పంక్తిలో నుంచవలెను, పైపు వ్యాసము ఎచ్చట నున్నను మాకభ్యంతరము లేదు.

ఓటు వేసినవారికి 5 శాతము రాయితీ ఇమ్మని మేమడుగుట లేదు. అది చట్టమునకును, ధర్మమునకును సమ్మతము కాదు. ఆస్తిపన్ను నోటీసు చేరిన ప్రతి తలుపునకును, చేరని ప్రతి అద్దె గదికిని ఓటు నోటీసును కూడ అంతే కచ్చితముగా చేర్చుమని మాత్రమే అడుగుచున్నాము. అట్లు చేర్చిన పిమ్మటను మేము ఇల్లు కదలనిచో సోమరులని మమ్ము ధారాళముగా నిందింపుడు. అంతవరకు ఆ నిందలో సగపాలు తమదే.

ఇట్లు,
తమ విధేయుడు,
పన్ను బకాయి లేని ఒక కొండాపూర్ వాసి