జీలకర్రా బెల్లం ఖర్చెంత?

పెళ్లికి అసలు కావలసినవి ఏమిటి? గుప్పెడు జీలకర్ర, చిన్న బెల్లంముక్క, రెండూ కలిపి నూరి పెట్టుకోవడానికి ఓ తమలపాకు. పసుపుతాడు, మంగళసూత్రాలు. అక్షింతలకు కాసిని బియ్యం, తలంబ్రాలకు ఇంకాసిని. అడ్డుతెర, మధుపర్కాలు. మంత్రం చెప్పే పంతులుగారు, ఊదడానికి సన్నాయి. మనలో చాలామందికి జీలకర్రా బెల్లం నెత్తిన పెట్టిన క్షణమే సుముహూర్తం. 1955 నాటి హిందూ వివాహ చట్టమైతే, సప్తపది ఉన్న ఆచారంలో ఏడో అడుగు పడగానే పెళ్లి పూర్తయినట్టే అంటుంది. స్టేజీ ఎంత ఎత్తుండాలో, దాని వెనక ఎల్ఈడీ తెర ఉండాలో వద్దో ఆ చట్టంలో ఎక్కడా లేదు.

ఈ గొడవంతా ఎందుకంటే, మా మనవరాలికి పెళ్లి కుదిరింది. పిల్లలిద్దరివీ ఈమధ్యే వచ్చిన ఉద్యోగాలు. ఐదు లక్షలు దాటకూడదు, ఎవరూ అప్పు చేయకూడదు అని ఇద్దరూ కూడబలుక్కుని గిరి గీసుకున్నారు. బుద్ధిమంతులే అని సంతోషించాను. లాప్‌టాప్‌లో లెక్క వేసి చూపించిన తర్వాత ఆ సంతోషం తగ్గింది. మొదటి వరసలో ప్రీ వెడ్డింగ్ షూటు. తర్వాత డ్రోను, మెహందీ, సంగీత్, హల్దీ, పెళ్లికూతురి మేకప్పు, వచ్చినవాళ్లకు రిటర్న్ గిఫ్టులు. పంతులుగారి సంభావన ఎక్కడుందా అని వెతికితే అట్టడుగున, ‘ఇతరములు’ అనే గళ్లో, పార్కింగ్ కుర్రాళ్ల పక్కన దొరికింది.

మా రోజుల్లో పెళ్లికి ముందు పసుపు లేదా? రోలూ రోకలీ పెట్టి ముత్తయిదువులు పసుపు దంచేవారు. నలుగు పెట్టి మంగళస్నానం చేయించేవారు. దానికి ఖర్చు నువ్వులనూనె, సున్నిపిండి, వేడినీళ్లు. ఇప్పుడు దానికో పచ్చరంగు బట్టల జత, బంతిపూల గోడ, పూలు చల్లడానికి మనుషులు, ఆ చల్లడాన్ని తీయడానికి వేరే కెమెరా. పూలు సరిగా పడలేదని మళ్లీ చల్లించడం ఈమధ్య ఓ పెళ్లిలో కళ్లారా చూశాను.

1974లో మా పెళ్లి కోనసీమలో, మా మావగారి ఇంటి ముందు జరిగింది. వెదుళ్లు ఒకరివి, కొబ్బరాకులు ఇంకొకరి తోటలోవి, పందిరి వేసింది ఊళ్లో కుర్రాళ్లు. పక్కవాళ్ల పెంకుటిల్లు మాకు విడిది. మంచాలు వీధంతా అడిగి తెచ్చినవే. తిరిగి ఇచ్చేటప్పుడు తగువులు రాకుండా కోళ్లకు సున్నంతో గుర్తులు పెట్టారు. గుండిగలూ గంగాళాలూ రామాలయానివి. పెరట్లో గాడిపొయ్యి తవ్వారు. ముందురోజు రాత్రి ఎవరి కత్తిపీట వాళ్లు చంకన పెట్టుకుని వచ్చిన ఆడవాళ్లు గుమ్మడికాయలూ కందగడ్డలూ ముక్కలు చేస్తూ, మా వైపు చుట్టాల్లో ఎవరి ముక్కు ఎలా ఉందో కూడా తేల్చేశారట. తెల్లవారేసరికి ఇంటింటినుంచీ బిందెలతో పాలూ పెరుగూ వచ్చాయి. అప్పట్లో పంచదారకే కరువు. శుభలేఖ జతచేసి తాసీల్దారు ఆఫీసులో అర్జీ పెట్టుకుంటే పర్మిట్టు ఇచ్చారు. వచ్చింది కాస్తా లడ్డూలకే అయిపోయింది, కాఫీలు బెల్లంతోనే నడిచాయి. అమలాపురంనుంచి వచ్చిన ఫొటోగ్రాఫరు, రోలుకు పన్నెండే బొమ్మలు కాబట్టి, నొక్కే ముందు ప్రతిసారీ మా మావగారి మొహం చూసేవాడు. ఆయన తలూపితేనే ఫొటో.

అంత చవగ్గా ఎలా అయిందని మా మనవరాలు అడిగింది. చవక కాదమ్మా, డబ్బు రూపంలో లేదంతే. ఇవాళ మా పందిరి వేసినవాడి ఇంట్లో రేపు పెళ్లయితే మా మావగారి కొబ్బరాకులు కదలాలి. పాలు పంపినమ్మ ఇంట్లో శుభకార్యానికి మా అత్తగారి కత్తిపీట హాజరు వేయించుకోవాలి. ఆ బాకీ ఎక్కడా రాసి ఉండదు, ఎవరూ మర్చిపోరు. ఇంకోటి కూడా చెప్పాలి. సన్నాయి ఊదినవాళ్లకూ, బట్టలు ఉతికినవాళ్లకూ, నీళ్లు మోసినవాళ్లకూ దక్కింది కాసిని గింజలు, ఓ పంచె, మిగిలిన అన్నం. వాళ్లకు న్యాయంగా కూలి కట్టి ఉంటే మా పెళ్లి అంత తేలిగ్గా తేలేది కాదు.

ఇక కట్నం. 1961లోనే నిషేధ చట్టం వచ్చింది. దాన్నుంచి మా తరం నేర్చుకున్నదల్లా, ఆ మాట పందిట్లో ఎత్తకుండా లోపలి గదిలో తేల్చుకోవడం. “మా పెళ్లి రెండువేలలో అయిపోయిందయ్యా” అనే పెద్దమనుషులు నా వయసువాళ్లలో బోలెడుమంది. కట్నం ఎంత పుచ్చుకున్నారండీ అని అడిగి చూడండి, వెంటనే దగ్గొస్తుంది. ఆడపిల్ల తండ్రి అమ్ముకున్న అరెకరం పెళ్లిఖర్చు పద్దులో కనపడదు, రిజిస్ట్రారాఫీసు కాగితాల్లో కనపడుతుంది. ఈ ఒక్క విషయంలో మాత్రం ఈ పిల్లల ముందు మా తరం నోరు మూసుకోవాలి. మా కాబోయే మనవడు, కట్నం ఊసెత్తితే పెళ్లి మానేస్తానని వాళ్ల నాన్నతోనే అన్నాడట.

బంగారం సంగతీ అంతే. మా పెళ్లప్పుడు పది గ్రాములు ఐదొందల చిల్లర. 2025లో లక్ష దాటింది. తెలంగాణ ప్రభుత్వం పేదింటి పెళ్లిళ్లకు ఇచ్చే కల్యాణలక్ష్మి 2014లో 51 వేలతో మొదలై, 2018లో లక్షా నూటపదహారు అయింది. అప్పుడు ఆ సొమ్ముకు ముప్పై గ్రాముల దాకా వచ్చేది. ఇప్పుడు పది గ్రాములకు కూడా చాలదు. మెళ్లో సూత్రాలు, నల్లపూసలు, చెవులకేవో చిన్నవి, అంతటితో ఆపమన్నాను. మా ఆవిడ తన నాంతాడు తీసి ఇస్తానంది. దుకాణానికి పోనక్కర్లేదని నేను ఒప్పుకున్నాను గానీ, పాత మోడలని మా కోడలు గునుస్తోంది.

మా అపార్టుమెంటు వాచ్‌మన్‌ది పాలమూరు. పోయిన ఏడు కూతురి పెళ్లి సెల్లారులోనే చేశాడు. కార్లన్నీ బయట పెట్టించి, షామియానా కట్టి, కింద పట్టాలు పరిచాడు. మూడో అంతస్తు ఆవిడ ఇంటినుంచి ఫ్రిజ్‌లో పెట్టిన పెరుగొచ్చింది, ఐదో అంతస్తు వాళ్ల గది పెళ్లివారికి విడిది అయింది. చాకులు పట్టుకుని ఆడవాళ్లు లిఫ్టులో దిగారు. కత్తిపీట మీద కూర్చునే ఓపిక ఎవరికీ లేదు గానీ ఉల్లిపాయలు మాత్రం తరిగారు. నాకు మా కోనసీమ కళ్లముందుకొచ్చింది. మనమూ ఇలాగే చేద్దాం అని మావాడితో అన్నాను. “నాన్నా, మా ఆఫీసువాళ్లు వస్తారు” అన్నాడు. ఆఫీసువాళ్లు సెల్లారులోకి దిగలేరా? రోజూ అక్కడే కదా బండ్లు పెట్టేది!

ఐదు లక్షల గిరిని అసలు చెరిపేసేది భోజనమే. క్యాటరింగ్ ఆయన ప్లేటు ఆరొందలన్నాడు. ఐదొందల మందికి మూడు లక్షలు. ఇన్ని ప్లేట్లని ముందే మాటిస్తే, జనం వచ్చినా రాకపోయినా ఆ డబ్బు కట్టాల్సిందే. మావాడు, మా కోడలు కలిసి ప్లేటుకు వంద తగ్గించమని బేరమాడారు. ఆయన తగ్గిస్తే కలిసొచ్చేది యాభైవేలు. జాబితాలో వందమంది పేర్లు కొట్టేస్తే అరవైవేలు మిగులుతుంది, ఎవర్నీ బతిమాలక్కర్లేదు. ఆ మాట అంటే ఇద్దరూ నన్ను శత్రువులా చూశారు.

పైగా ఆ ఆరొందల్లో ఏముంది? చాట్ కౌంటరు, నూడిల్స్, ఏదో తెల్లని పాస్తా, నాలుగు రకాల అన్నాలు. వేడి ముద్దపప్పు, ఆవకాయ, పనసపొట్టు కూర, దప్పళం, పులిహోర, నెయ్యి కారే బూరె, ఆఖర్న గడ్డపెరుగు ఉంటే మనిషి లేవగలడా? మా బంతి భోజనాల్లో వడ్డించేవాడు పెద్ద మేనేజరు. ఎవరి విస్తట్లో ఏం మిగిలిందో చూసి మారు వడ్డించేవాడు, గుండిగలో అడుగు కనపడుతుంటే గరిటె చిన్నదైపోయేది. బఫేలో మనిషి ఒకేసారి పర్వతం పేర్చుకుంటాడు, సగం తిని బల్ల కింద పెట్టేస్తాడు. ఆ సగానికీ మనమే డబ్బు కట్టాలి.

నాకు అన్నిటికంటే ఒళ్లు మండేది చదివింపుల విషయంలో. మా కాలంలో భోజనాలయ్యాక ఒకాయన పందిట్లో నోటుపుస్తకం పట్టుకుని కూర్చునేవాడు. ఫలానావారి చదివింపులు నూటపదహార్లు, ఫలానావారివి పదహార్లు అని మైకులో చదివేవాడు. మొహమాటంగా ఉండేది, నిజమే. తక్కువ చదివించినవాళ్లు గంగాళం చాటుకు పోవడమూ చూశాను. కానీ ఆ పుస్తకం ఇంట్లో ట్రంకుపెట్టెలో భద్రంగా ఉండేది. వాళ్లింట్లో పెళ్లొస్తే అంత తీసుకెళ్లాలి, పైన కొంత కలపాలి. చుట్టాలంతా కలిసి ఏ ఇంట్లో పెళ్లయితే ఆ ఇంటికి పాడుకున్న చీటీ అది. ఇప్పుడు శుభలేఖ మీద “చదివింపులు స్వీకరించబడవు” అని బంగారు అక్షరాలతో అచ్చు వేయిస్తున్నారు. చుట్టాలు వడ్డీ లేకుండా ఇచ్చేది నామోషీ. బ్యాంకులో పర్సనల్ లోను తీసుకుని ఐదేళ్లపాటు నెలనెలా వడ్డీతో సహా కట్టడం గౌరవం! ఆ డబ్బుతో, ఏమీ ఇవ్వనివాళ్లకు రిటర్న్ గిఫ్టు. ఏది ఇచ్చారని రిటర్ను?

కొండ మీద చేసుకోండి అని కూడా చెప్పి చూశాను. మావైపు ఎంతమంది అన్నవరం సత్యనారాయణస్వామి సన్నిధిలో మూడుముళ్లు వేసి, అక్కడే వ్రతం చేసుకుని దిగలేదు? తిరుమలలో కల్యాణ వేదిక దగ్గర 2016 నుంచి పురోహితుణ్ణీ మంగళవాద్యాన్నీ దేవస్థానమే ఉచితంగా ఇస్తోంది. “సరే, అక్కడ పెళ్లి, ఇక్కడ రిసెప్షన్” అంది మా కోడలు. కొండ మీద మిగిలిందంతా కింద పోయడానికేనా? మా మనవరాలికి విసుగొచ్చి, 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది తాతయ్యా, నెల రోజుల నోటీసు, ముగ్గురు సాక్షులు చాలు అంది. మా ఆవిడ ఆ పూట అన్నం తినలేదు. ఆ దెబ్బకు డ్రోనూ సంగీతూ జాబితాలోంచి వాటంతటవే ఎగిరిపోయాయి.

ముహూర్తం తెల్లవారుజామున నాలుగింటికి పెట్టించమన్నది నా సలహానే. ఆ వేళకి వచ్చేవాళ్లే మనవాళ్లు. సాయంత్రం ఎనిమిదింటికి వచ్చి, ఫొటో దిగి, తిని, తాళిబొట్టు చూడకుండానే పోయేవాళ్లకు ప్లేటు ఆరొందలు దండగ. పైగా అందరూ ఎగబడే ముహూర్తానికి హాలు అద్దె అమాంతం పెంచేస్తారు. పంతులుగారు వైశాఖంలో ఓ బుధవారం చూపించారు. హాలువాడు అడక్కుండానే తగ్గించాడు.

మిగిలింది పిలుపుల జాబితా. పేర్లు కొట్టేయడానికి అందరం కూర్చున్నాం. మావాడి ఆఫీసువాళ్లు సగానికి తగ్గారు. కోడలి యోగా స్నేహితురాళ్లు పోయారు. మనవరాలు తన కాలేజీ వాళ్లను తనే కొట్టేసుకుంది. ఆఖర్న లాప్‌టాప్ నావైపు తిప్పి, “తాతయ్యా, అన్నిటికంటే పొడుగ్గా ఉన్నది నీ జాబితానే” అంది. నాతో పనిచేసిన మాస్టర్లు, అమలాపురం మేనత్తల పిల్లలు, వాళ్ల వియ్యంకులు. ఒక్క పేరు మీద చెయ్యి వేయనివ్వలేదు నేను. యాభై ఏళ్లుగా వాళ్లందరిళ్లల్లో ఎంతెంత చదివించానో పెట్టెలో పుస్తకం ఉంది. వాళ్లను పిలవకపోతే అదంతా ఎప్పటికి వసూలయ్యేట్టు? శుభలేఖ మీద ఆ బంగారు అక్షరాల ముక్క మాత్రం తీసేయించాను.