జీరో బుగ్గ ఆత్మకథ

నన్ను జీరో బుగ్గ అంటారు. బాసరలో పూజగదిలో సరస్వతమ్మ పటం ముందో, పడకగది గోడ మీదో ఎర్రగానో పచ్చగానో వెలుగుతుంటాను. నా పేరు మాత్రం నిజం కాదు. జీరో వాట్లతో ఏ దీపమూ వెలగదు; మా జాతి బుగ్గ ఒక్కొక్కటి 15 వాట్ల దాకా తీసుకుంటుంది. పాత చక్రం మీటర్లు ఇంత చిన్న వాడకానికి సరిగా తిరిగేవి కావని, అందుకే ఈ పేరు పడిందని చెబుతారు. ఇప్పటి డిజిటల్ మీటరు నేను తినేదంతా లెక్కపెడుతుంది, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. రాత్రికి పది గంటలు వెలిగితే నెలకు నాలుగున్నర యూనిట్లు. దేవుడి ముందు రాత్రింబవళ్లు వెలిగితే దాదాపు 11. పిల్లల చేత తొలి అక్షరం దిద్దించే ఊరిది. బుగ్గ మీద అచ్చేసిన అంకెలు చదవడమూ చదువేనని నేనంటాను.

వాట్లంటే వెలుగు అనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది. అది నేను తినే కరెంటు లెక్క. ఇచ్చే వెలుగును ల్యూమెన్లలో కొలుస్తారు. 60 వాట్ల బుగ్గ సుమారు 700 ల్యూమెన్లు ఇస్తుంది. అందులో నాలుగో వంతు తినే నేను నాలుగో వంతు వెలుగైనా ఇవ్వాలి కదా? రంగులేని గాజులో కూడా వంద చుట్టుపక్కలే ఇస్తాను. నా టంగ్‌స్టన్ తీగ మరీ సన్నం. వెయ్యి గంటలు తెగకుండా నిలవాలంటే పెద్ద బుగ్గంత వేడెక్కకూడదు. వేడి కాస్త తగ్గితే వెలుగు చాలా తగ్గుతుంది. మిగిలినదాంట్లో రంగు పూత మరికొంత మింగేస్తుంది.

వోల్టేజీ పడిపోతే వాడకమూ తగ్గుతుంది కదా అంటారు కొందరు. నిజమే, 15 వాట్లనేది 230 వోల్టుల దగ్గర లెక్క. 207కు పడితే నా ఆయుష్షు మూడు నాలుగు రెట్లు పెరుగుతుంది కూడా. కానీ వెలుగు మూడో వంతు దాకా పోతుంది. అదే వోల్టేజీ నూటికి ఐదు పాళ్లు పెరిగితే ఆయుష్షు సగానికి దగ్గరవుతుంది. ఇక వెచ్చదనం మాట. కోడిపిల్లల్ని కాపాడే చోట పెద్ద బుగ్గకు వేడి పుట్టించడమే పని. అక్కడ కరెంటులో నూటికి 95 పాళ్లు వేడైనా నష్టం లేదు. పూజగదిలో ఆ వేడి ఎవరికీ అక్కర్లేదు.

అర వాటు ఎల్ఈడీ రాత్రి దీపం అదే పది గంటలకు నెలంతా కలిపి 0.15 యూనిట్ వాడుతుంది. ఈసారి నేను మాడిపోతే నా చోట దాన్నే పెట్టండి.