ఓనరుగారి తొలి జీతం

ఉద్యోగం మానేసి గొప్పవాళ్లయినవాళ్ల కథలంటే మనకు చెవి కోసుకునేంత ఇష్టం. ఎన్టీ రామారావుగారు సబ్‌రిజిస్ట్రారు కొలువులో చేరి, మూడు వారాలకే సినిమాల కోసం వదిలేసుకున్నారు. అత్తిలిలో పాఠాలు చెప్పుకునే బ్రహ్మానందంగారు, స్టేట్ బ్యాంకులో పనిచేసే కోట శ్రీనివాసరావుగారు అదే బాట పట్టారు. ఆకాశవాణిలో పనిచేసిన గొల్లపూడి మారుతీరావుగారు 1982లో ‘ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య’తో తెరమీదికి వచ్చేనాటికి ఆయనకు నలభై దాటాయి. ఈ కథలన్నిట్లోనూ అందరూ ఆఫీసు గేటు లోపలినుంచి బయటికే నడిచారు. బయటినుంచి లోపలికి, అదీ నలభై ఎనిమిదేళ్ల వయసులో, చేతిలో లంచ్‌బాక్సుతో నడిచినవాడి గురించి నాలుగు ముక్కలు రాసిన పాపాన ఎవరూ పోలేదు. ఇంకెవరూ దొరకలేదు కనక నా గురించి నేనే రాసుకుంటున్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్ల సందులో నాకో డీటీపీ, జిరాక్సు సెంటర్ ఉండేది. బోర్డు మీద షాపు పేరు, దాని కింద ‘ప్రొ.’ అని, ఆ పక్కన నా పేరు. ఇరవై ఏళ్లకు పైగా ఆ ‘ప్రొ.’ కోసమే షాపు నడిపానేమో అని ఇప్పుడనిపిస్తోంది. చుట్టాల పెళ్లిళ్లలో ఎవరైనా “ఏం చేస్తుంటారు?” అంటే “సొంత వ్యాపారం” అనేవాణ్ణి. రెండో ప్రశ్న రాకముందే భోజనాల వైపు నడిచేవాణ్ణి.

“నా మీద ఎవడూ బాసు లేడు” అన్నది నా ఊతపదం. షట్టర్ ఎత్తింది మొదలు దించేదాకా నా ముందు నిలబడ్డ ప్రతివాడూ బాసేనన్న సంగతి నాకు తట్టలేదు. పెళ్లికార్డు కంపోజింగే చూడండి. అబ్బాయి తరఫు మనిషి స్టూలు లాక్కుని మానిటరుకు ముక్కు ఆనించి కూచునేవాడు.

“అన్నా, మా పెద్దబాపు పేరు జెర పైకి జరుపు.”

జరిపేవాణ్ణి.

“గిప్పుడు మా మేనమామ కిందికి పోయిండు. ఆయినె అలుగుతడు.”

ఇద్దర్నీ ఒకే వరసలో పక్కపక్కన పెట్టేవాణ్ణి. కాసేపు తల అటూ ఇటూ వంచి చూసేవాడు. “ఎడమ దిక్కు ఎవలుండాలె, కుడి దిక్కు ఎవలుండాలె?” అని ఇంటికి ఫోను కొట్టేవాడు. ఫోను ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారి, ఇల్లంతా తిరిగి, చివరికి అలిగే ఆ మేనమామ చేతికే చేరేది. సాయంత్రానికి ఇద్దరి పేర్లూ తీసేసి ‘బంధుమిత్రుల అభినందనలతో’ అని వేయించుకుని పోయేవాడు. మధ్యలో పది ప్రింట్లు తీసినందుకు పైసలడిగితే “గిదేందన్నా, కాయితాలే గద” అనేవాడు. ప్రూఫు మీద ‘ఓకే’ అని సంతకం పెట్టి పోయినవాడే, కార్డులు అచ్చయ్యాక ముహూర్తం దగ్గర ‘ఉ.’ బదులు ‘రా.’ పడిందని నా మీదికే వచ్చేవాడు.

ఫ్లెక్సీలది ఇంకో లెక్క. గల్లీ లీడరు బొమ్మ ఎమ్మెల్యే బొమ్మకన్నా చిన్నదిగా, పక్క గల్లీ లీడరు బొమ్మకన్నా పెద్దదిగా ఉండాలి. ఇద్దరి ఫ్లెక్సీలూ నా దగ్గరే తయారయ్యేవి. పెద్దదెవరిదో మీరే ఊహించుకోండి. వినాయక చవితికి అదే సమస్య దేవుడితో వచ్చేది: స్వాగతం పలికేవాళ్ల బొమ్మలు అన్నీ సర్దాక గణపతికి చోటు చాలేది కాదు.

షాపు ఎలా పడిపోయిందని అందరూ అడుగుతారు. పెద్ద కథేమీ లేదు. మెట్రో పిల్లర్లు లేస్తున్నన్నాళ్లు జనం మా దగ్గరికి రావడానికి దారి లేదు. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా రైలు మొదలయ్యాక మా నెత్తిమీంచి పోవడం మొదలెట్టారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడి హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. పెళ్లికార్డు వాట్సాప్‌లోకి చేరింది. మిగిలింది గ్రూప్స్ పిల్లలు.

మా సందు బతుకంతా నోటిఫికేషన్ల మీదే. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో గ్రూప్-1 పడిందనగానే మా జిరాక్సు మిషనుకు జ్వరం వచ్చినంత పనయింది. ఆ అక్టోబరులో ప్రిలిమ్స్ జరిగింది, పేపరు లీకై రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాశారు, అదీ రద్దయింది. పిల్లలు రోడ్డు మీద ఏడుస్తుంటే, సిగ్గులేకుండా చెబుతున్నాను, నేను లోపల రెండు రిమ్ముల కాగితం ఎక్కువ తెప్పించుకున్నాను. పరీక్ష మళ్లీ అంటే జిరాక్సులు మళ్లీ అని నా లెక్క. కానీ నోట్సు వాళ్ల దగ్గర ఎప్పుడో ఉంది. లేనివాళ్లకు టెలిగ్రామ్‌లో పీడీఎఫ్ ఉంది. 783 పోస్టుల గ్రూప్-2కి 2022 డిసెంబరులో నోటిఫికేషన్ వస్తే, వాయిదా మీద వాయిదా పడి, 2024 డిసెంబరులో పరీక్ష జరిగింది. అంతకాలం ఆ పిల్లలు ఎలా ఆగారో తెలీదు కానీ, నేను ఎలా ఆగానో మా ఆవిడకు తెలుసు.

ఆవిడ ఇంట్లో బ్లౌజులు కుడుతుంది. నాదర్‌గుల్‌లో కాలనీలు లేచేకొద్దీ మిషను ఆగకుండా నడుస్తోంది. ఒక రాత్రి సూదిలో దారం ఎక్కిస్తూ, తల ఎత్తకుండా అడిగింది.

“మీరు ఆ షాపుల ఎంత జీతానికి చేస్తున్నరు?”

“ఓనరుకు జీతమేంటి?” అన్నాను, కాస్త పెద్దరికంగా.

“పోనీ, లాభమెంత?”

కాసేపు నోట మాట రాలేదు. “లాభమొక్కటే చూస్తారా ఎవరన్నా? పేరుంది కదా” అన్నాను.

“ఆ పేరుకు కిరాయి రెండేండ్ల సంది నేను కడుతున్న గద” అంది.

మర్నాడు కాలనీ వాట్సాప్ గ్రూపులోంచి ఒక ప్రకటన నా ఫోనుకు వచ్చి పడింది. పక్కగదిలోంచి ఆవిడే ఫార్వర్డ్ చేసింది. సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం దాకా ఇంజనీరింగ్ కాలేజీలకు కొదవలేదు; అందులో ఒకదాంట్లో పరీక్షల విభాగానికి అసిస్టెంటు కావాలట. టైపింగు, ప్రింటింగు తెలిసుండాలట. వయసు గురించి ఏమీ రాయలేదు. అక్కడే మోసపోయాను.

ఇంటర్వ్యూ చేసిన అమ్మాయి మా పెద్దదానికి సీనియర్ అయి ఉంటుంది. “అంకుల్...” అని నాలిక కరుచుకుని “సార్” అంది. అయిదేళ్ల తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారని అడిగింది. “రిటైర్మెంటు దగ్గర్లో” అన్నాను. నవ్వలేదు, రాసుకుంది. ఆ తర్వాత అసలు చిక్కు వచ్చింది: పాత యాజమాన్యం నుంచి రిలీవింగ్ లెటరు, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్, చివరి మూడు నెలల జీతం స్లిప్పులు కావాలట.

“పాత యాజమాన్యం నేనేనమ్మా.”

“పర్లేదు సార్, లెటర్‌హెడ్ మీద ఇవ్వండి. ఫైలులో ఉండాలి.”

ఆ రాత్రి షాపులో కూచుని నాకు నేను ఉత్తరం రాసుకున్నాను. ‘వీరు మా సంస్థలో శ్రద్ధగా, నిజాయితీగా పనిచేశారు. సొంత కారణాలవల్ల వైదొలగుతున్నారు. వీరి నడవడిక’ దాకా వచ్చి ఆగిపోయాను. ‘సంతృప్తికరం’ అనడానికి ఓనరుగా మనసొప్పలేదు. అంతకన్నా తక్కువ రాయడానికి ఉద్యోగిగా అభిమానం అడ్డొచ్చింది. కడకు ‘బాగు’ అని సర్దుకున్నాం ఇద్దరం. స్లిప్పులు మాత్రం ఇవ్వలేకపోయాను. ఇవ్వని జీతానికి స్లిప్పు కొట్టడం మా సంస్థ ఆచారం కాదు.

కొలువులో చేరిన మొదటి ఉదయం బయోమెట్రిక్ మిషను నన్ను గుర్తించనంది. వేలు పెడితే ఇంగ్లీషులో మళ్లీ ప్రయత్నించమంటుంది. ఏళ్ల తరబడి కాగితాలు లెక్కపెట్టీ పెట్టీ బొటనవేలి గీతలు అరిగిపోయాయి. వెనక లైను పెరిగింది. అటెండరు జాలిపడి “తలకు రుద్దుకోండి సార్, నూనె అంటుకుంటది” అన్నాడు. రుద్దుకోవడానికి తల మీద కూడా పెద్దగా ఏమీ లేదు. చివరికి ఎడమచేతి చూపుడువేలు నన్ను కాపాడింది.

అలవాట్లు అంత తేలిగ్గా రిలీవ్ కావు. డీన్‌గారు సర్క్యులర్ పట్టుకుని గదిలోకి వస్తే నేను లేచి నమస్కారం పెట్టాలి. నా నోరు మాత్రం “కలరా, బ్లాక్ అండ్ వైటా?” అంది. అక్కడితో ఆగినా బాగుండేది. “ఎన్ని కాపీలు? బ్యాక్ టు బ్యాకా?” అని కూడా అడిగి, అడ్వాన్సు కోసం చెయ్యి చాపే ముందు తేరుకున్నాను. మా సెక్షన్ హెడ్ ముప్పై దాటని కుర్రాడు. వయసు చూసి అతను నన్ను సార్ అంటాడు, హోదా చూసి నేనతన్ని సార్ అంటాను. ఎవరు ఎవరికి పని చెబుతున్నారో బయటివాళ్లకు అర్థం కాదు.

నా విద్య మీద మాత్రం నాకు ధీమా ఉండేది. బతుకమ్మ సంబురాలకు ఆహ్వానపత్రం తెలుగులో కావాలన్నారు. అను ఫాంట్సులో, యాపిల్ కీబోర్డు మీద నేను వేళ్లు ఆడిస్తే మా సందులో పిల్లలు నిలబడి చూసేవాళ్లు. అదే వేగంతో కొట్టి, ఫైలు ప్రిన్సిపాల్‌గారికి పంపాను. ఆయన కంప్యూటర్లో అను లేదు. బతుకమ్మ ఉండాల్సిన చోట పిచ్చి గీతలు, డాలర్లు, యాంపర్‌సాండ్లు పరుచుకున్నాయి. సెక్షన్ హెడ్ కుర్రాడు ఫోను తీసి నోటి దగ్గర పెట్టుకుని ఆహ్వానమంతా గడగడా చదివాడు. ఫోను దానంతటదే తెలుగులో రాసుకుంది. అదీ యూనికోడ్‌లో. “మీరు ఒకసారి తప్పులు చూడండి సార్, తెలుగు మీకే బాగా వచ్చు” అన్నాడు పాపం. చూశాను. ఒక ఒత్తు తప్పు దొరికింది. ప్రాణం లేచొచ్చింది.

నెల తిరిగింది. జీతం స్లిప్పు వచ్చింది. జీవితంలో నేను లెక్కలేనన్ని స్లిప్పులు కంపోజ్ చేశాను, నా పేరుతో ఉన్నది ఇదే మొదటిది. మార్జిన్ సరిగ్గా లేదు, అయినా ఊరుకున్నాను. మొత్తం 24,000. అందులో బేసిక్ 15,000. దాంట్లో 12 శాతం, అంటే 1,800 పీఎఫ్‌కి పోయింది. ప్రొఫెషనల్ టాక్సు 200. “ఇది దేనికి?” అంది ఆవిడ. వృత్తి చేసుకుంటున్నందుకు అన్నాను. “ఇన్నాళ్లూ ఎందుకు పట్టుకోలేదు మరి?” అంది. ఆ సంభాషణను నేను పొడిగించలేదు.

పింఛను లెక్క దగ్గర మాత్రం ఆవిడ కుట్టుమిషను ఆపి కూచుంది. యాజమాన్యం కట్టే వాటాలో 8.33 శాతం, నా బేసిక్ మీద 1,250 రూపాయలు, పింఛను పథకానికి పోతాయి. పింఛను రావాలంటే పదేళ్ల సర్వీసుండాలి. యాభై ఎనిమిదితో ఆ పథకంలో వయసు అయిపోతుంది. చేరేనాటికి నాకు 48 ఏళ్ల 5 నెలలు. మిగిలింది 9 ఏళ్ల 7 నెలలు. ఆరు నెలలు, ఆ పైన ఉంటే ఏడాదిగా లెక్కేస్తారు కనక గట్టెక్కాను, ఒక్క నెల తేడాతో. ఇంకో రెండు నెలలు ‘ప్రొ.’గా గడిపి ఉంటే అదీ పోయేది. 15,000 ఇంటూ పది, బై డెబ్బై: నెలకు 2,143 రూపాయలు, ఇప్పటి లెక్క ప్రకారం. ఆవిడ అప్పుడే వాటిని పంచేసింది: గ్యాసు, పాలు, మిగతాది నా మందులు. నేనింకా మందులు మొదలెట్టలేదు.

ఆ ఒక్క నెల తేడా నా కొంప ముంచింది. జీతం నష్టం మీద సెలవు పెడితే ఆ రోజులు సర్వీసులో తగ్గుతాయని ఆవిడకు ఎవరో చెప్పారు. ఒంట్లో బాగోలేదన్నా సరే, ముందు క్యాజువల్ లీవులు ఎన్ని మిగిలాయో చెప్పాలి. ఓనరుగా ఉన్నప్పుడు చెప్పాపెట్టకుండా షట్టర్ దించి మ్యాట్నీకి పోయినవాణ్ణి, ఇప్పుడు తుమ్మాలన్నా రికార్డు చూసుకుంటున్నాను.

2023-24 కార్మిక సర్వే ప్రకారం దేశంలో పనిచేసేవాళ్లలో నూటికి 58 మంది స్వయం ఉపాధివాళ్లు, నెలజీతం వాళ్లు 22 మంది కూడా లేరు. మెజారిటీ పార్టీలోంచి మైనారిటీలోకి ఫిరాయించానన్నమాట. ఫిరాయిస్తే ఏదో ఒక పదవి ఇస్తారని విన్నాను. నాకు లంచ్‌బాక్సు ఇచ్చారు. పొద్దున్నే కర్మన్‌ఘాట్ హనుమంతుడికి బండి మీంచే దండం పెట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ ట్రాఫిక్‌లోకి దూరే బాధ మాత్రం తప్పింది. ఇప్పుడు ఎదురు దిక్కు. రోడ్డు ఖాళీ. ఆరు కొట్టేసరికి ఇంట్లో ఉంటాను, ఆ వేళ ఇంట్లో ఏం చెయ్యాలో తెలీక ఫ్రిజ్ తెరిచి మూస్తుంటాను.

జీతం ఎవరి చేతిలో ఉందో చెప్పక్కర్లేదనుకుంటాను. మొన్న పెట్రోలుకు డబ్బులడిగితే చేతిలోని కత్తెర కింద పెట్టి, నోటుపుస్తకం తెరిచింది.

“పోయిన వారం ఇచ్చిన అయిదు వందలకు బిల్లేది?”

“పెట్రోలుకు బిల్లేంటి?”

“ఆఫీసుల గిట్లనే ఇస్తరా? అడగరా?”

అడుగుతారు. లోపలికెళ్లి, మూలన పడేసిన షాపు బిల్లుబుక్కు తీసి, కార్బన్ పెట్టి, శుభ్రంగా అయిదు వందలకు బిల్లు రాసి, ‘ప్రొ.’ దగ్గర సంతకం పెట్టి తెచ్చిచ్చాను. వెలుతురుకు పట్టి చూసింది.

“గీ షాపు మూసేసిన్రు గద” అంది. “చెల్లదు.”