చిన్నాయన కొలత చొక్కా

తిరుపతిలో ఏ సర్కిల్లో నిలబడినా ఒక ఫ్లెక్సీ కనపడుతుంది. పాతికేళ్లు నిండని పిల్లోడు నల్లద్దాలు పెట్టుకుని, బైకుకు ఆనుకుని నవ్వుతుంటాడు. పైన ‘అశ్రునివాళి’, కింద వరసగా ఫ్రెండ్సు తలకాయలు, పక్కన దండం పెడుతూ ఒక లీడరు. పోయినోడి మొహం కంటే లీడరు మొహమే పెద్దది! దినాలు అయిపోగానే దాన్ని పీకి ఏ బజ్జీల బండి మీదో కప్పేస్తారు. ఆ తర్వాత వాడి పేరెత్తే నాథుడుండడు.

మా రోజుల్లో ఇంత ఆర్భాటం యాడిది? మా చిన్నాయన పోయినప్పుడు ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆయనకు క్షయ. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానిటోరియం 1915 నుంచీ ఉంది, అప్పటికి మందులూ వచ్చేసినాయి. అక్కడికి పంపితే ఊరంతా తెలిసిపోతుందని, ఆడపిల్లల పెండ్లిండ్లు ఆగిపోతాయని ఇంట్లోనే దాచిపెట్టినారు. ఈ ఒక్క విషయంలో ఈ కాలమే నయం, ఒప్పుకుంటాను.

పోయిన మనిషిని మాత్రం దాచలేదు. ఆ ఏడాదంతా మా ఇంట్లో ఎవరూ కొండెక్కలేదు. పొద్దున లేస్తే ఎదురుగా కనపడే కొండ! ఇప్పుడో? “మూడొందల టికెట్లు ముందే బుక్ చేసేసినాము తాతా, వదులుకుంటామా?” అంటారు.

సంక్రాంతికి పెద్దలకు పెట్టుకునేటప్పుడు మా జేజి చిన్నాయనకు కొత్త చొక్కా పెట్టేది. ఆయన పాత చొక్కా ఒకటి దర్జీకి ఇచ్చి, అదే కొలతకు కుట్టించేది. విస్తరి ముందర పెట్టి, టెంకాయ కొట్టి, తర్వాత దాన్ని నాకు తొడిగేది. మొదట్లో మోకాళ్ల దాకా వేలాడేది, చేతులు మడిచి మడిచి వేసుకునేవాణ్ణి. ఒక సంక్రాంతికి సరిగ్గా కుదిరింది. జేజి నన్ను అట్లే నిలబెట్టి భుజాలు తడిమి చూసింది. మరుసటి ఏడు చంకల్లో బిగిసింది. నేను పెరుగుతాను, చిన్నాయన పెరగడు కదా. “రెండేళ్లు వదులుగా కుడతాలే అవ్వా” అన్నందుకు దర్జీని చెడామడా తిట్టింది. కొలత మార్చనియ్యలేదు. నా తర్వాత మా తమ్ముడు తొడుక్కున్నాడు.

ఏడ్చే స్వతంత్రం కూడా ఇప్పుడు లేదు. తల్లి నోరు తెరిచి ఏడిస్తే చాలు, “ధైర్యంగా ఉండాలమ్మా” అని చుట్టూ చేరి వాటర్ బాటిల్ చేతికిస్తారు. వీళ్లకు మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి సంగతి చెప్పాల. తల్లి చిన్నప్పుడే పోయింది, తమ్ముడు నిత్యానందే ఆయనకు అన్నీ. ఆ పిల్లోడికీ క్షయే. అక్కడి గాలి మంచిదని 1922లో అమెరికాలోని ఓహాయ్‌కి తీసుకుపోయినారు. నిత్యకేమీ కాదని ఆ అన్నదమ్ముల్ని పెంచిన దివ్యజ్ఞాన సమాజం పెద్దలు భరోసా కూడా ఇచ్చినారు. 1925 నవంబరు 13న, 27 ఏళ్లకే పోయినాడు. సమాజం స్వర్ణోత్సవానికని ఓడలో అడయారు వస్తున్న అన్నకు సూయజ్ కాలువ దగ్గర తంతి అందింది. రాత్రిళ్లు నిత్యా అని పిలుస్తూ వెక్కివెక్కి ఏడ్చినాడంట, ఒక్కోసారి తెలుగులో. మెలకువలో తెలుగు మాట్లాడలేని మనిషి! ఓడలో ఆయన గదిలోనే ఉండిన శివరావు చెప్పిన సంగతి ఇది. అట్లా ఏడ్చి ఏడ్చి కొలంబో చేరేసరికి తేరుకున్నాడు. జగద్గురువు అవుతాడని పెంచిన మనిషే అంత ఏడిస్తే, మా వీధిలో తల్లి ఏడిస్తే వీళ్లకేం నొప్పి?

మా వీధిలో ఒక పిల్లోడు చిత్తూరు రోడ్డులో బైకు యాక్సిడెంటులో పోయినాడు. చూస్తే అమ్మకు బీపీ వస్తుందని ఫోటో బీరువాలో పెట్టేసినారు. మొన్న ఆ ఇంటికి పోయి, “మీవాడు సంగటి తినేవాడా అమ్మా?” అని ఆమెనే అడిగినాను. కోడలు నన్ను కొరకొరా చూసింది. ఆ తల్లి మాత్రం ఊరిబిండి దగ్గర మొదలుపెట్టి, వాడు పక్కింటి కోడిని దొంగిలించి పట్టుబడిన దాకా వచ్చింది. నడుమ రెండుసార్లు కాఫీ పెట్టింది. ఇంకా వాడి కాలేజీ కథలు మిగిలే ఉన్నాయంట, ఆదివారం రమ్మంది. కోడలికి ఇష్టం లేకపోయినా పోతాను.