ట్రాలీ పద్యమునకు టీకాతాత్పర్యము

కాళిదాసు కావ్యత్రయమునకు సంజీవనీవ్యాఖ్య రచించిన మల్లినాథసూరి మెదకు సీమవాడు. ఆధారము లేనిది వ్రాయననియు, అక్కఱలేనిది చెప్పననియు ఆయన ముందుగనే మాట యిచ్చెను. అట్టి మహానుభావుడు పుట్టిన తెలుగునేలపై వ్యాఖ్యాతలకు కొఱత యెన్నడును లేదు, కొఱతపడినవి మూలగ్రంథములే. ప్రబంధములకు టీకలు పుట్టి, టీకలకు లఘుటీకలు పుట్టి, వానికి మరల పరీక్షోపయోగులైన గైడులు పుట్టిన పిదప, వ్యాఖ్యానింపదగిన పద్యమింకొకటి మిగిలియున్నదా యని మావంటివారు దిగులుపడుచున్న తరుణమున, అనంతపురమునుండి కల్యాణదుర్గమునకు బోవు రోడ్డు ప్రక్క ఒక వెల్డింగు షాపు ముంగిట నిలిపిన రెండుచక్రముల నీళ్లతొట్టి వెనుకభాగమున, నీలిరంగుమీద తెల్లరంగుతో వ్రాసిన ఈ యాటవెలది కంటబడినది.

కొత్త బండి కొన్న గొప్పతో లాగకు
వెనుక నున్న దాని వెయిటు చూడు
ఎడమ తిరుగ వలయు నేని కుడికిఁ ద్రిప్పు
నిండ నింపు లేక నీరు వలదు

కవి యెవరో తెలియదు. యతులు నాలుగును సరిగా కుదిరినవి గనుక చదువుకొన్నవాడే కావలయును. అయినను రెండవ పాదము చివర ‘చూడు’ అనియు, మూడవ పాదము మొదట ‘ఎడమ’ అనియు అచ్చు ఎదురుపడినప్పుడు, ఉత్వసంధి నిత్యమని బాలవ్యాకరణము 1858 నుండియు శాసించుచున్నను, ఈయన సంధి చేయక విడిచినాడు. ముందు బండికిని వెనుక ట్రాలీకిని కొక్కెము తగిలింపనిచో నెట్లుండునో చూపుటకే కవి బుద్ధిపూర్వకముగా సంధిని విడిచెనని మా శిష్యులు వాదించుచున్నారు. శిష్యుల భక్తి మెచ్చదగినదే గాని, మా మతమున నిది పెయింటరు తొందర.

ఇక ప్రతిపదార్థము. ‘కొత్త బండి’ యనగా నేమి? ఇచట వ్యాఖ్యాతలు రెండు తెగలైరి. ట్రాక్టరు పక్షమువారి వాదమునకు శాస్త్రబలము మెండు. 1988 నాటి మోటారువాహనముల చట్టము ట్రాక్టరునకు చెప్పిన లక్షణము ఏ ఆలంకారికుడును చెప్పలేనంత సొగసైనది: తాను నడచుటకు వలసిన సామగ్రి తప్ప వేఱే బరువును తనపై మోయుటకు నిర్మింపబడని మోటారువాహనము ట్రాక్టరట. అనగా మోయుట దాని ధర్మము కాదు, లాగుటయే ధర్మము. పైగా ట్రాక్టరు నడుపుటకు లైసెన్సు గలవాడు దానికి ట్రాలీ తగిలించి సరకు తోలినంతమాత్రమున ఆ లైసెన్సు చెల్లకపోదని 2001లో నాగశెట్టి కేసున సుప్రీంకోర్టు సెలవిచ్చియుండుటచే, ఈ పక్షమువారు శ్రుతియు స్మృతియు తమవేయని మీసము దువ్వుదురు.

పికప్పు పక్షమువారికి ఇంత ప్రమాణబలము లేదు. మన దేశమున పికప్పనగా వీపుమీద మోయునదేగాని తోకకు కట్టి లాగునది కాదు. కల్యాణదుర్గపు టమాట, నార్పల చీనీకాయ, బెంగుళూరికి బోవు కూరగాయల పెట్టెలు, అన్నియు బొలెరో వీపుమీదనే పోవును, 1.7 అని ప్రక్కన అంకె వేసికొన్న జాతి 1,700 కిలోలు మోయునని కంపెనీయే ఒప్పుకొనుచున్నది. పికప్పు వెనుక పడవను, గుఱ్ఱపుపెట్టెను, చక్రముల యింటిని తగిలించుకొని సెలవులకు బోవుట అమెరికావారి ఆచారము. అయినను ఆ జాతి వాహనములు మనకు పరాయివి కావు. శ్రీసిటీలో ఇసుజువారు 2016 నుండి డి-మ్యాక్స్ పికప్పులను మన రాష్ట్రపు గడ్డమీదనే చేయుచున్నారు. పెనుకొండ కడ కియావారి కార్ఖానానుండి 2019 నుండి కార్లు వచ్చుచున్నను, వానిలో నీళ్లతొట్టిని లాగుటకు పుట్టినది ఒక్కటియు లేకపోవుట ఈ కరవుసీమకు చేసిన చిన్న అపచారమని మా అభిప్రాయము. ఇది ప్రసంగవశమున వచ్చిన మాట, మల్లినాథుడు క్షమించుగాక.

నిర్ణయమునకు అంతస్సాక్ష్యమే శరణ్యము. పద్యము వ్రాసిన తొట్టి చిన్నది, వెయ్యి లీటర్లకు మించి పట్టదు. ఊళ్లలో తిరుగు అయిదువేల లీటర్ల ట్యాంకరులో నీరే అయిదు టన్నులు, ఇనుము వేఱు; అది ట్రాక్టరు సొత్తు, దానిజోలికి పికప్పు పోరాదు. ఈ చిన్నతొట్టికి ట్రాక్టరేల? మఱియు ‘కొన్న గొప్ప’ యను మాటను గమనింపుడు. ట్రాక్టరు కొన్నవానికి అప్పు ఉండును, కంతులుండును, గొప్ప యుండదు. గొప్ప పికప్పు కొన్నవానికే. కావున ‘బండి’ యనగా పికప్పే యని సిద్ధాంతము.

‘లాగకు’ అను నిషేధము సార్వకాలికమా, తాత్కాలికమా? సార్వకాలికమైనచో కొక్కెము కొన్న డబ్బు వృథా. కనుక తాత్కాలికమే. కొత్త యింజనులో పిస్టను రింగులును సిలిండరు గోడలును ఒకదాని నునుపు ఒకదానికి అలవాటుపడువఱకు బరువు పెట్టరాదని వాహనముతో నిచ్చెడి పుస్తకము చెప్పును. కొన్ని కంపెనీలు వెయ్యి కిలోమీటర్లనియు, కొన్ని పదునాఱు వందలనియు అవధి విధించును. మన సంప్రదాయమున నీ యవధి మఱింత స్వల్పము: షోరూమునుండి తిన్నగా గుంతకల్లు దగ్గఱ కసాపురమునకు తోలి, నెట్టికంటి ఆంజనేయస్వామి సన్నిధిని పూజ చేయించి, నాలుగు చక్రముల క్రింద నాలుగు నిమ్మకాయలు నలిపి, ఆ సాయంకాలమే తొట్టి తగిలింతురు. నిమ్మకాయ దృష్టిదోషమును హరించునని పెద్దల మాట. క్లచ్చుపలకకు కలుగు దోషమును గుఱించి పెద్దలు మౌనము వహించిరి.

‘వెయిటు’ అను పదమున కవి యొక శ్లేష నిమిడ్చెను. ఆంగ్లమున దీనికి బరువనియు, ఆగుమనియు రెండర్థములు గలవు, తెలుగు లిపిలో రెండును ఒక్కటే యగును. బరువు చూడుము, చూచువఱకు ఆగుము. కవిహృదయమునకు కేంద్రమిదియే. కొత్త బండి కొన్నవాడు ఎంతసేపటికిని దాని లాగు శక్తిని పొగడును, హార్సుపవరును ఊరిలో నలుగురికి లెక్క చెప్పును. మంచి యింజనునకు లాగుట యొక విద్య కాదు, గట్టిగా తొక్కిన నేదైనను లాగును. వెనుకనున్న తొట్టికి చాలామట్టుకు బ్రేకు లేదు. పెనుకొండ కొండల నడుమ 44వ జాతీయరహదారి పల్లమునకు దిగునప్పుడు ముందుబండి తొట్టిని లాగుట మాని, తొట్టియే ముందుబండిని నెట్టుట మొదలుపెట్టును. అప్పుడు చిన్న గేరులో వేసి యింజనుచేతనే నిదానింపజేయవలయునుగాని, పల్లము పొడుగునను బ్రేకుమీద కాలుంచినచో డ్రమ్ములు కాలి, చివరి మలుపున పెడలు నేలనంటును. ఇంతటి విషయమును కవి ఒక్క ‘వెయిటు’ పదముతో సూచించి ఊరకుండుట సంక్షిప్తతయా, న్యూనపదదోషమా యనిన, ప్రాణములతో పనిగలచోట దోషమనియే చెప్పవలయును.

బరువు ఎంతయన్నది ఒకటి, ఎచ్చటనన్నది రెండవది. ట్రాలీ మొత్తపు బరువులో సుమారు పదవవంతు కొక్కెముమీద ఆనవలయును. ఇనుముతో కలిపి తొట్టి 1,400 కిలోలైనచో 140 కిలోలు. అంతకు తగ్గి బరువంతయు ఇరుసునకు వెనుకకు జరిగినచో, వేగము పుంజుకొన్నకొలది ట్రాలీ కుడియెడమలకు ఊగనారంభించి తుదకు ముందుబండిని కూడ ఊపును. మితిమీఱినచో పికప్పు వెనుకభాగము క్రుంగి ముందుచక్రములు తేలికపడి, స్టీరింగు చేతికి లొంగదు. ఈ సీమ పెద్దలు ఎద్దులబండి కట్టునప్పుడు మూటలు పేర్చి, కాడి కొంచెమెత్తి చూచి, ఎద్దు మెడమీద ఎంత పడుచున్నదో చేతితో తెలిసికొనెడివారు. ఆ శాస్త్రమే యిది. ఎద్దు నోరులేకున్నను తల విదిలించి చెప్పెడిది, కొక్కెము విఱిగినప్పుడుగాని చెప్పదు.

మూడవ పాదము ఈ పద్యమునకు ప్రాణము, చదువరికి గండము. ఎడమకు తిరుగవలయునన్న కుడికి ద్రిప్పుమట! ఇచట ‘వెనుకకు నడుపునప్పుడు’ అను వాక్యశేషమును అధ్యాహారము చేసికొనవలయును. చేసికొనక ఈ ఉపదేశమును అనంతపురము క్లాక్‌టవరు దగ్గఱ ముందుకు బోవుచు ఆచరించినవానికి వ్యాఖ్యాతతో పనిలేదు, వైద్యునితో పని. కారణము స్పష్టమే. కొక్కెము వెనుకచక్రములకు ఆవల నున్నది. స్టీరింగు కుడికి ద్రిప్పి వెనుకకు నడుపగా పికప్పు తోక కుడికి బోయి, ట్రాలీ ముక్కును కుడికి నెట్టును. ముక్కు కుడికి బోయిన ట్రాలీ తోక తప్పక ఎడమకు బోవును. ట్రాలీకిని వ్యాఖ్యకును ఇక్కడనే పోలిక. ముందుకు సాగునంతసేపు వ్యాఖ్య మూలము వెంట వినయముగా వచ్చును. మూలమును కొంచెము వెనుకకు నడిపి ఆలోచింపబోయినచో, మూలము ఒకవైపు, వ్యాఖ్య వేఱొకవైపు.

ఇంకొక సూక్ష్మము. పొట్టి ట్రాలీ క్షణములో మడతపడి ముందుబండి ప్రక్కను గుద్దును. పొడుగుది నిదానముగా తిరుగును. ఉరవకొండ ప్రాంతమున గాలిమరల ఱెక్కలను మోసికొనివచ్చు ఆ మహాదీర్ఘ వాహనములను చూచి, మన చిన్నతొట్టి వానికంటె సులువని యెంచుట తప్పు. శాస్త్రములన్నియు చెప్పలేని సూత్రమును ఒక వృద్ధసారథి ఇట్లు సెలవిచ్చెను: “ఇందులో ఏముండాదప్పా? స్టీరింగు కింద చెయ్యి పెట్టు. ట్రాలీ యా పక్క పోవల్ల అంటే చెయ్యి ఆ పక్కకు జరుపు. శానా తిప్పొద్దు, రోంత రోంత.” చేయి చక్రమునకు అడుగున నున్నప్పుడు ఎడమకు జరిపిన చక్రము కుడికి తిరుగును గనుక, కవి వాక్యమునకును సారథి వాక్యమునకును విరోధము లేదు. సారథి వాక్యమే సులభము. కవికి ఛందస్సు అడ్డువచ్చినది.

నాలుగవ పాదమున మహాసంశయము. ‘నీరు వలదు’ అని అనంతపురమువాడు పలుకునా? సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియు సీమ; జైసల్మేరు తరువాత మాదేయని ఇచటివారు ఒకవిధమైన వైరాగ్యగర్వముతో చెప్పుకొందురు. అసలీ పట్టణమునకు పేరే ఒక చెఱువునుండి వచ్చినది. విజయనగర ప్రభువైన బుక్కరాయల నాట ఇచట కట్టిన పెద్దచెఱువు రెండు తూములకడ వెలసిన ఊళ్లు రెండింటిలో ఒకటి బుక్కరాయసముద్రము, ఒకటి అనంతసాగరమని చెప్పుదురు. సముద్రమనియు సాగరమనియు పేళ్లు పెట్టుకొన్నచోట నీరు చక్రములమీద తిరుగుట కాలవైపరీత్యము. వేయి అడుగుల బోరులు ఎండినప్పుడు రైతు టమాటకు గాదు, వేరుసెనగకు గాదు, పది పన్నెండేండ్లు పెంచిన చీనీచెట్టు చావకుండుటకై ట్యాంకరునీరు కొని పాదులలో పోయించును. 2016లో ఎండుచున్న వేరుసెనగకు ప్రభుత్వమే రెయిన్‌గన్నులు పెట్టించి తడి చూపినది. ఇట్టిచోట ‘నీరు వలదు’ అను మాట పుట్టనేరదు, కావున నాలుగవ పాదము కోస్తావాడు చేర్చిన ప్రక్షిప్తమని కొందఱు తీర్మానించిరి.

అది తొందరపాటు. ‘నిండ నింపు, లేక నీరు వలదు’ అని అన్వయించుకొనవలయును. తొట్టి నిండుగనైన నుండవలయు, ఖాళీగనైన నుండవలయు, సగము పనికిరాదు. నిండిన తొట్టిలో నీటికి కదలుటకు చోటు లేదు. సగము నిండిన తొట్టిలో బ్రేకు వేయగానే నీరంతయు ముందుగోడకు కొట్టుకొని, బండి ఆగినదనుకొన్న తరువాత ఇంకొక తోపు తోయును. మలుపున ప్రక్కగోడకెక్కి తొట్టినే పల్టీ కొట్టించును. లోపల అడ్డుపలకలు వేయించినచో ఈ అలజడి తగ్గును గాని, పలకలకు ఇనుము ఖర్చగును, వెల్డింగుకూలి అగును. లోపలివి కంటికి కనబడవు గనుక కొన్నవాడు అడుగడు, చేసినవాడు వేయడు. ఇచట లోకవ్యవహారము మఱియొక చిక్కు తెచ్చును. చివరి యిల్లాలు, “అన్నా, మాకు నాలుగు బిందెలు చాలు, మిగిలింది తీసుకపో” అన్నప్పుడు, మిగిలినదానిని రోడ్డుపాలు చేయుటకు ఏ సారథికి మనసొప్పును? అట్టి సమయమున ఎదుటనున్న ఏ వేపచెట్టు మొదటనైనను పోసి, ఖాళీతొట్టితో కదలుమని కవి తాత్పర్యము. ఈ కవి అనంతపురమువాడే, సందేహము లేదు.

పద్యముగాక తొట్టిమీద మూడు వ్రాతలు మిగిలియున్నవి. తొట్టి ప్రక్కన దాని సొంత సంఖ్యయు, వెనుక లాగెడి బండి సంఖ్యయు ఉన్నవి. ట్రాలీకి తన గుర్తు ప్రక్కన, లాగునదాని గుర్తు వెనుకనుండవలయునని చట్టపు అఱువదియొకటవ విభాగము విధించుటచే నివి విధివాక్యములు, వ్యాఖ్యకు లొంగవు. మూడవది ‘నీళ్లకు ఫోన్ చేయండి’ అను పంక్తియు, దానిప్రక్క పది అంకెలును. ఇది మూలమున భాగమా, ప్రక్షిప్తమా యని పండితులలో విచారణ జరుగుచున్నది. ఛందస్సునకు లొంగదు, యతి లేదు, ప్రాస లేదు. అయినను పద్యము నాలుగు పాదములును చదివినవాడు ఆ రోడ్డున మాకు ఒక్కడును తారసపడలేదుగాని, ఈ పంక్తి మాత్రము ఏప్రిలు వచ్చుసరికి చుట్టుప్రక్కల ఊళ్లన్నిట ఆబాలగోపాలమునకు కంఠస్థమై యుండుటచే, టీక అనవసరమని విడిచితిమి.